వెయ్యి డోసుల సీసా, పదకొండు కోళ్ళు

2023 డిసెంబర్ 3, ఆదివారం. వీధిలో ప్రతి ఇంట్లోనూ టీవీ మోగుతోంది, అసెంబ్లీ ఫలితాలు. నేను పొద్దున్నే అంగడికి వెళ్ళి రెండు నాటు పెట్టలు కొనుక్కొచ్చి, పెరట్లో ఉన్న తొమ్మిదింటితో కలిపేశాను. శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్ళే దారిలో, సగం ఊరు సగం వెంచర్ అయిపోయిన చోట మా ఇల్లు. కోళ్ళ పెంపకం లాక్‌డౌన్‌లో అంటుకున్న అలవాటు. అప్పటికి మూడేళ్ళయింది కాబట్టి నాకు అంతా తెలుసనే అనుకునేవాణ్ణి.

5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మామూలుగా మా వైపు చలికాలం పొడిగా ఉంటుంది. డిసెంబర్‌లో వాన పడిందంటే అది బంగాళాఖాతం పంపినదే. ఈదురుగాలి, ఆగకుండా ముసురు. కోళ్ళు తడుస్తాయని గూడు చుట్టూ పై నుంచి కింది దాకా టార్పాలిన్ బిగించి కట్టాను. పక్కింటి పెద్దమ్మ కోళ్ళ గూడు కారుతోందంటే, ఆమె ఆరు కోళ్ళనూ మా గూట్లోనే పెట్టించాను. ఉపకారం చేస్తున్నాననే అనుకున్నాను.

ముసురు ఆగిన నాలుగైదు రోజులకు ఒక పెట్ట రెక్కలు వేలాడేసి మూలన నిలబడింది. మర్నాడు ఇంకోటి ఆకుపచ్చగా పారుకుంది. మూడోదాని మెడ వెనక్కి మెలిపడింది, గింజ పొడుద్దామని వంగితే ముక్కు నేలకు తగలడం లేదు. వారం తిరిగేసరికి పదిహేడింటిలో పదమూడు పోయాయి. నాకు మూడు మిగిలాయి, పెద్దమ్మకు ఒకటి.

టీకా కోసం పశువుల మందుల షాపుకి పరిగెత్తాను. షాపతను ఫ్రిజ్ తెరిచి, "వెయ్యి డోసులది ఉంది సార్. చిన్నది కావాలంటే రెండొందలది తెప్పియ్యాలె" అన్నాడు. నా దగ్గర ఉన్నవి నాలుగే అని చెప్పాను. అతను జాలిగా నవ్వి, రోగం వచ్చాక ఎలాగూ పనిచేయదని చెప్పి ఫ్రిజ్ మూసేశాడు.

ఇంటికొచ్చి పెద్దమ్మతో వాన వల్ల ఇలా అయిందన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "వానకు కోడి వణుకుతది బిడ్డా, సావదు. కొత్త కోడిని తెచ్చి అదే రోజు కలిపినవ్. గాలాడకుండ కట్టినవ్. అందరిని ఒక్కకాడ కుక్కినవ్." ఆమె కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. ఆ ఆరు కోళ్ళే ఆమెకు చేతిలో ఆడే డబ్బు.

ఈ వ్యాసం ఆ మాటకు జవాబు వెతికే ప్రయత్నం. ఈ రోగానికి టీకా వచ్చి దాదాపు ఎనభై ఏళ్ళయింది. పెరటి కోడికి అది ఎందుకు అందలేదు?

*

ముందు వాన సంగతి. కోడి పూర్వీకురాలు అడవి కోడి. ఆగ్నేయాసియాలో ఏడాదిలో సగం రోజులు వాన పడే అడవుల పక్షి అది. రాత్రి చెట్టు కొమ్మ ఎక్కి, గాలి ఆడే చోట, ఈకలు ఉబ్బించుకుని పడుకుంటుంది. డార్విన్ మన పెంపుడు కోళ్ళన్నిటికీ ఎర్ర అడవి కోడి ఒక్కటే మూలమన్నాడు. అది చాలా వరకు నిజమే గానీ, 2008లో జన్యు శాస్త్రవేత్తలు ఒక సవరణ చేశారు. చాలా పెంపుడు కోళ్ళకు ఉండే పసుపు చర్మం, పసుపు కాళ్ళ జన్యువు ఎర్ర అడవి కోడిది కాదు, మన దక్కను, దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిద రంగు అడవి కోడిది. ఈ రెండు జాతుల ఇలాకాలకు దాదాపుగా గోదావరే సరిహద్దు. అంటే, ఈ రోజు ప్రపంచంలో ఎక్కడ పసుపు కాళ్ళ కోడి కనిపించినా దానిలో మన వైపు అడవి కొంత ఉన్నట్టే.

ఆ పక్షి మనిషి దగ్గరికి ఎందుకొచ్చింది? 2022లో వెలువడిన పరిశోధనల ప్రకారం, కచ్చితంగా పెంపుడు కోడివని చెప్పగలిగిన అతి పాత ఎముకలు థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికాయి. క్రీస్తు పూర్వం 1650-1250 మధ్యవి. అదే కాలంలో అక్కడ వరి, చిరుధాన్యాల సాగు మొదలైంది. చెట్టు మీది పక్షిని మనిషి వల వేసి దించలేదు, రాలిన గింజల కోసం అదే దిగింది.

చెప్పొచ్చేదేమంటే, కోడి ఒంటికి వాన తెలుసు. తెలియనివి రెండు: మూసిన గది, కిక్కిరిసిన గుంపు. ఇవి రెండూ మనం చేర్చినవి. తడిసిన ఊక మీద రెట్ట పడితే అమోనియా పుడుతుంది, అది కోడి ఊపిరి గొట్టం లోపలి పొరను దెబ్బతీస్తుంది. చలిలో, తేమలో వైరస్ ఎక్కువ రోజులు బతుకుతుంది. అప్పుడే కోళ్ళన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకుంటాయి. వాన చేసేది అంతే, తలుపు దగ్గర నిలబడ్డ రోగాన్ని లోపలికి నెడుతుంది. తలుపు దాకా తెచ్చింది మాత్రం నేనే.

పెద్దమ్మ వాళ్ళ అత్తగారి కాలంలో కొత్త కోడిని కొనుక్కొస్తే కాలికి తాడు కట్టి పది పదిహేను రోజులు విడిగా ఉంచేవాళ్ళట. పాత ఇంటికి పారిపోకుండా, కొత్త వాకిలి అలవాటు కావడానికి. ఇవాళ ఏ పశువైద్యుణ్ణి అడిగినా కొత్త కోడిని రెండు వారాలు వేరుగా పెట్టమంటాడు. కారణం వేరు, పని ఒకటే. ఆ తాడును నేను మోటు అలవాటు అనుకుని వదిలేశాను.

*

మన సాహిత్యంలో కోడి కోసం వెతికితే పుంజు దొరుకుతుంది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం కథలో నాగమ్మ, బ్రహ్మనాయుళ్ళ మధ్య రాజ్యం తేల్చింది కోడిపందెమే. ఓరుగల్లు వీధుల్ని చూపించే 'క్రీడాభిరామం'లోనూ కోడిపందెం ఉంది. కుక్కుట శాస్త్రమని ఒక శాస్త్రమే ఉంది: డేగ, కాకి, నెమలి, పింగళ అని రంగును బట్టి పేర్లు, ఏ నక్షత్రం రోజు ఏ రంగు పుంజు గెలుస్తుంది, ఏ దిక్కు నుంచి బరిలోకి వదలాలి, అన్నీ రాసి పెట్టారు. గుడ్డు పెట్టే పెట్టకు మాత్రం శాస్త్రం లేదు. పొదుగుడు, పిల్లల్ని గంప కింద కాయడం, గూట్లో బూడిద చల్లడం, ముసురు రోజుల్లో పొయ్యి పక్కన చోటివ్వడం, ఇవన్నీ ఆడవాళ్ళ నోట ఉన్నాయి గానీ తాటాకు ఎక్కలేదు.

పెట్ట రికార్డుల్లోకి వచ్చేది దాన్ని ఎవరో పట్టుకుపోయినప్పుడే. నిజాం కాలంలో మేడ్చల్ ప్రాంతం అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేది. ఆ పేరుకు నగరం చుట్టుపక్కలు అని అర్థం. ఆ జిల్లా నిజాం సొంత ఖజానా కింద, అంటే సర్ఫ్-ఎ-ఖాస్ కింద నడిచేది. తెలంగాణ ఊళ్ళలో అధికారి దౌరాకి వచ్చాడంటే అతని భోజనానికి కోళ్ళు వెట్టిలో భాగం. ధర లేదు, కాదనడానికి లేదు. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం, 1930లో జోగిపేటలో మొదటి సభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ వెట్టిని వ్యతిరేకించాయి. వెట్టి గురించి చదివేటప్పుడు మన కళ్ళు భూమి మీద, చాకిరీ మీద ఆగుతాయి. కోడి దగ్గర ఆగవు, అది చిన్న విషయంలా కనిపిస్తుంది. భూమి లేని ఇంట్లో ఆడమనిషికి తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ కోడే అని గుర్తుపెట్టుకుంటే అంత చిన్నగా అనిపించదు.

నాటు పెట్ట ఏడాదికి పెట్టేది యాభై, అరవై, మహా అయితే డెబ్బై గుడ్లు. అందులో చాలా వరకు పొదుగుకే. మిగిలినవి పిల్లలకు, చుట్టాలకు, పోచమ్మకు మొక్కు కింద, ఉప్పూ నూనెకు. ఈ లెక్క ఎవరి ఖాతాలోనూ లేదు. ఖాతాలో లేనిది పోతే నష్టం కింద కూడా రాయరు.

*

1926లో జావాలో, అదే ఏడు ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ రేవు దగ్గర, కోళ్ళు మూకుమ్మడిగా చచ్చిపోయాయి. 1927లో మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో అదే రోగాన్ని గుర్తించారు. బ్రిటిష్ సైన్యం కంటోన్మెంట్ ఉన్న ఊరది. ప్రపంచం దాన్ని న్యూకాజిల్ రోగం అంటుంది, మనం రాణిఖేత్ అంటాం, తెలుగులో కొక్కెర తెగులు. మా వీధిలో అయితే గత్తర. మనుషులకు వచ్చే కలరా పేరునే కోళ్ళకూ ఇచ్చేశారు, రెండూ అదే వేగంతో ఇళ్ళు ఊడ్చేస్తాయి కాబట్టి.

టీకా కూడా ఆ కొండల్లోనే పుట్టింది. రాణిఖేత్‌కి కొంత దూరంలో ఉన్న ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలో 1940లలో, వైరస్‌ను కోడిగుడ్ల పిండాల్లో మళ్ళీ మళ్ళీ పెంచి బలహీనపరిచి తయారు చేశారు. ఎనిమిది వారాలు దాటిన కోడికి ఇప్పటికీ వేసే ఆర్‌2బి ఇంజెక్షన్ మూలం అదే. పిల్లలకు కంట్లో చుక్కగా వేసే లసోటా రకం అమెరికాలోని న్యూజెర్సీలో లసోటా అనే ఆయన కోళ్ళ ఫారంలో దొరికిన వైరస్ నుంచి వచ్చింది.

కాబట్టి స్వాతంత్ర్యం వచ్చేనాటికే ఆయుధం చేతిలో ఉంది. అయితే అది బతికున్న వైరస్. చల్లగా ఉంచాలి. పొడిని ద్రవంతో కలిపాక ఐసు మీద పెట్టి రెండు గంటల్లోపు వాడేయాలి. ఫ్రిజ్ ఉన్నవాళ్ళకు, ఒకేచోట వందల కోళ్ళు ఉన్నవాళ్ళకు అది సులువు. అలాంటివాళ్ళు మన దగ్గర త్వరలోనే వచ్చారు.

1971లో బి.వి. రావు వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించారు. తర్వాతి రెండు దశాబ్దాల్లో హైదరాబాద్ చుట్టూ లేయర్ ఫారాలు లేచాయి. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇప్పటికీ రోడ్డు దిగి లోపలికి వెళ్తే పొడవాటి రేకుల షెడ్లు కనిపిస్తాయి, కనిపించడానికి ముందే వాసన వస్తుంది. గుడ్డు ధర దళారుల చేతిలో ఉండి రైతులు నష్టపోతుంటే 1982లో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ ఏర్పడింది. ధర ప్రకటించే హక్కు రైతులకు వచ్చింది. ఇది చిన్న విజయం కాదు. ఏడాదికి మూడు వందల పైచిలుకు గుడ్లు పెట్టే కోడి వచ్చింది. గుడ్డు పేదవాడి కంచంలోకి, బడి పిల్లల భోజనంలోకి వచ్చిందంటే ఆ షెడ్ల వల్లే.

ఆ షెడ్‌లో చలికాలం ఉండదు. డిసెంబర్‌లో మన దగ్గర పగలు పదకొండు గంటలే, పెరటి కోడి గుడ్లు తగ్గించేస్తుంది. షెడ్‌లో బల్బులు పదహారు గంటల పగలును తయారు చేస్తాయి. వాన వస్తే పక్క పరదాలు దించుతారు, అయితే పైన గాలికి సందు వదులుతారు. (నేను వదలని సందు అదే.) టీకాను తాగే నీళ్ళలో కలిపి వేలాది కోళ్ళకు ఒక్క పూటలో ఇచ్చేస్తారు. వెయ్యి డోసుల సీసా అక్కడ సరిగ్గా సరిపోతుంది. సీసా కొలత ఎవరో కుట్రతో నిర్ణయించింది కాదు. కొనేవాడి కొలతకు తయారైంది, అంతే. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అది బ్యాచ్ సైజు సమస్య: వ్యవస్థ ఎవరిని దృష్టిలో పెట్టుకుని కట్టారో వాళ్ళకు లోపం కనిపించదు.

*

పెరటి కోడిని ఎవరూ పట్టించుకోలేదనడం కూడా న్యాయం కాదు. 1988లో రాజేంద్రనగర్‌లో కేంద్రప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థ మొదలైంది. వనరాజ, గ్రామప్రియ అక్కడివే. పెరట్లో తిరిగి తిండి వెతుక్కుంటూనే నాటు కోడికి రెట్టింపు, అంతకన్నా ఎక్కువ గుడ్లు పెడతాయి. రంగురంగుల ఈకలు, గోధుమ రంగు గుడ్లు, చూడ్డానికి నాటు కోళ్ళలాగే ఉంటాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల కోళ్ళు, ఇతర పెంపుడు పక్షుల్లో పెరటివి 31.7 కోట్లు. 2012తో పోలిస్తే ఫారం కోళ్ళు 4.5 శాతం పెరిగితే పెరటివి దాదాపు 46 శాతం పెరిగాయి. పోయిందనుకున్న పెరటి కోడి పోలేదు.

కానీ వనరాజకు ఒక గుణం తక్కువ: పొదగదు. గుడ్లు పెంచాలంటే పొదిగే గుణాన్ని తగ్గించాలి, రెండూ ఒకే కోడిలో కుదరవు. అందువల్ల ముసుర్లో మంద పోతే మళ్ళీ హ్యాచరీ పిల్లల కోసం వెళ్ళాలి. నాటు పెట్ట ఒక్కటి మిగిలినా చాలు, 21 రోజులు కూర్చుని మందను మళ్ళీ మొదలుపెడుతుంది. పెద్దమ్మకు మిగిలిన ఆ ఒక్క కోడి విలువ నాకు అప్పుడు తెలియలేదు.

ఇక మా ఊరి విచిత్రం. 1999లో శామీర్‌పేట పక్కన తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ మొదలైంది. ఈ రోజు ప్రపంచానికి టీకాలు పంపే చోటు అది. 2021 జనవరిలో అనుమతి వచ్చిన కోవాగ్జిన్ ఇక్కడిదే. నేను కోళ్ళకు తవుడు కొనే దుకాణం నుంచి ఆ గేట్లు బండి మీద కాసేపటి దూరం. 2021లో మనం ఆ టీకా కోసం వరుసలో నిలబడ్డప్పుడు జరిగింది గుర్తుందా? సీసాలో పది డోసులో ఇరవై డోసులో ఉండేవి. తెరిస్తే కొన్ని గంటల్లో వాడేయాలి. నర్సమ్మ, "ఇంకా నలుగురు వస్తే తెరుస్తా, కూర్చోండి" అనేది. మనుషుల ప్రాణాలతో ముడిపడిన చోట కూడా సీసా కొలతే వరుసను నిర్ణయించింది. తేడా ఏంటంటే, అక్కడ ఆ మిగతా నలుగురి కోసం ఎదురుచూడటం ఒకరి ఉద్యోగం. కోళ్ళకు ఆ ఉద్యోగం ఎవరిదీ కాదు.

ఈ సమస్యను సూటిగా పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. 1980లలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ స్ప్రాడ్‌బ్రో, మలేసియా శాస్త్రవేత్తలతో కలిసి, వేడిని తట్టుకునే టీకా మీద పనిచేశారు. పల్లెటూరి కోళ్ళ కోసమే. మొదట దాన్ని గింజలకు పట్టించి మేపి చూశారు, ఫలితం నిలకడగా లేదు. చివరికి కంట్లో చుక్కే నమ్మకమైన దారి అని తేలింది. ఆయన తర్వాత తయారు చేసిన ఐ-2 రకం విత్తన వైరస్‌ను పేద దేశాలకు ఉచితంగా ఇచ్చారు. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఊరివాళ్ళకే శిక్షణ ఇచ్చి, ఏడాదికి మూడుసార్లు తేదీ పెట్టుకుని ఊరి కోళ్ళన్నిటికీ ఒకేసారి చుక్కలు వేయించారు. అక్కడ గెలిచింది వైరస్ రకం ఒక్కటే కాదు, తేదీ కూడా. ఊరంతా ఒకే రోజు కోళ్ళను పట్టుకుంటే సీసా పెద్దదిగా ఉండటం తప్పు కాదు.

*

2024లో దసరా వెళ్ళాక మా వీధిలో కోళ్ళు లెక్కపెట్టాను. తొమ్మిది ఇళ్ళు, 83 కోళ్ళు. రెండు వందల డోసుల సీసా ముందే చెప్పి తెప్పించాను. ఖరీదు తొమ్మిది ఇళ్ళకు పంచితే చాయ్ డబ్బులు. ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో తెచ్చి, కోళ్ళు గూళ్ళెక్కిన తర్వాత మొదలుపెట్టాం. పగలు పట్టుకోబోతే వీధంతా ఉరికిస్తాయి, చీకట్లో మెత్తగా చేతికొస్తాయి. ఒకరు పట్టుకోవడం, ఒకరు టార్చి, నేను కంట్లో చుక్క. చుక్క లోపలికి ఇంకి కోడి రెప్ప వేసేదాకా ఆగాలి. గంటన్నరలో అయిపోయింది. మిగిలిన మందును సీసాతో సహా ఉడికించి పారేశాం. నెల తర్వాత మళ్ళీ ఒకసారి వేశాం.

ఆ డిసెంబర్‌లోనూ ముసురు పట్టింది. ఈసారి టార్పాలిన్ పైన జానెడు సందు వదిలాను. తడిసిన ఊక తీసేసి, సున్నం చల్లి, పొడి ఊక పోశాను. కోళ్ళు వణికాయి, రెండు వారాలు గుడ్లు మానేశాయి. ఒక్కటి కూడా చావలేదు. ఒక వీధి, ఒక చలికాలంతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. పైగా తొమ్మిది ఇళ్ళలో మూడింటి వెనక జాగా అమ్ముడైపోయింది. వచ్చే ఏడు లెక్క 83 ఉండదు.

పెద్దమ్మకు నష్టపరిహారంగా ఆరు కోళ్ళు కొనిస్తానని అంతకు ముందే చెప్పి చూశాను, వద్దంది. "కొనుక్కొచ్చినవి వద్దు బిడ్డా, ఎక్కడివో ఏమో" అంది. తర్వాత ఎండాకాలం రాకముందు తన మిగిలిన నాటు పెట్ట పొదుగుకొస్తే, నా గ్రామప్రియ గుడ్లు తొమ్మిది అడిగి దాని కింద పెట్టింది. ఏడు పిల్లలయ్యాయి. పాలుకు పెంచినట్టు లెక్క అంది. గుడ్లు నావి, పొదుగు ఆమెది, కాబట్టి సగం సగం. ఏడులో సగం ఎంత అని అడిగితే, మూడు నాకిచ్చి నాలుగు తను ఉంచుకుంది. నా మూడింటినీ తెచ్చి, గూటికి దూరంగా జామచెట్టు కింద గంప వేసి పెట్టాను. ఎన్ని రోజులని ఆమె అడగలేదు. పదిహేను రోజులని నేనే చెప్పాను.